గ్రామసభలో లెక్క చెప్పుట



బావి త్రవ్వించినవానికి పేరు వచ్చును. పూడిక తీయించినవానిని ఎవరును తలంపరు. నేనొక వార్డు సభ్యుడను గనుక ఈ సంగతి నా కనుభవమే.

1993వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములను పట్టికగా నిచ్చినది. త్రాగునీరు, బాటలు, గ్రంథాలయములు, పారిశుద్ధ్యము అందున్నవి. చిట్టచివరిది ఉమ్మడి ఆస్తుల సంరక్షణము. అది కడపటిదైనను, విస్మరించినచో తక్కినవాని ఫలము నిలువదు. నీటితొట్టి కట్టుట ఒక యేటి పని. కడిగించుట ఏటేటి పని.

కావున మావంటివారు గ్రామసభలో మూడు సంగతులు చెప్పవలయును: ఏ పని ముగిసినది, ఏది నిలిచినది, ఎందుచేత నిలిచినది. మా వార్డున మురుగుకాలువ సగములో ఆగినది. సొమ్ము చాలలేదని సభలో చెప్పితిని. కొందఱు కోపించిరి, ఐనను, ఉన్న కాలువకు పూడిక తీయుటకు పది యిండ్లవారు ముందుకు వచ్చిరి. దాచియుండినచో కోపము మిగిలెడిది, సాయము దొరకకపోయెడిది.

గ్రామపు ఓటర్ల పట్టికలో పేరున్న స్త్రీపురుషు లందఱును గ్రామసభ సభ్యులే. పెద్దలారా! రచ్చబండ కడ అడుగు ప్రశ్నను సభలో అడుగుడు. జవాబును వ్రాయించుడు. వ్రాతలో నెక్కిన మాటను మఱచుట మావంటివారికి సులభము కాదు.