విద్యుత్ వాహనములకు ప్రభుత్వ రాయితీ : కొనుటకు ముందు వేయవలసిన లెక్క

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములో ఒక రైతు ఎడ్ల జత కొనదలచినచో, తెలిసిన పెద్దలను వెంటబెట్టుకొని సంతకు పోవుట మనకు పరిపాటి. పళ్లు చూతురు, సుడులు చూతురు, నాలుగడుగులు నడిపించి చూతురు. నేడు అదే గ్రామమునుండి ఒక యువకుడు లక్ష రూపాయలు అప్పు చేసి విద్యుత్ స్కూటరు కొనుటకు పట్టణము పోవునపుడు మాత్రము వెంట పోవువారు కానరారు. "ప్రభుత్వము రాయితీ ఇచ్చుచున్నదట" అను ఒక్క మాటను నమ్మి పోవును. ఆ మాటలో నిజమెంత, షరతులేవి, అతడు నష్టపడకుండ మీరు చేయదగిన సాయమేమి అను విషయములను మీకు మనవి చేయదలచినాము.

మన దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి 80 పాళ్లకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. ఆ భారమును, పొగను తగ్గించు తలంపుతో కేంద్ర ప్రభుత్వము 2015 ఏప్రిల్ 1న 'ఫేమ్' అను పథకమును ప్రారంభించినది. దాని రెండవ దశ 10,000 కోట్ల రూపాయల కేటాయింపుతో 2019 ఏప్రిల్ 1న మొదలై, 2024 మార్చి 31తో ముగిసినది. 2024 అక్టోబరు 1 నుండి 10,900 కోట్ల రూపాయలతో 'పి.ఎం. ఇ-డ్రైవ్' పథకము అమలులోనికి వచ్చినది.

ఈ రాయితీ బ్యాటరీ పరిమాణమును బట్టి లెక్కింపబడును. దాని కొలత కిలోవాట్-గంట. అనగా కరెంటు బిల్లులో మనము చూచు యూనిటే. 3 యూనిట్ల బ్యాటరీ గలిగి, ఫ్యాక్టరీ ధర 1,20,000 రూపాయలుండు స్కూటరును ఉదాహరణముగా తీసికొందము. 2021 జూన్‌లో సవరించిన నిబంధనల ప్రకారము యూనిటుకు 15,000 చొప్పున దానికి 45,000 రూపాయలు తగ్గెడివి. 2023 జూన్ 1 నుండి యూనిటుకు 10,000కు తగ్గించి, ధరలో నూటికి 15 పాళ్లు మించరాదని హద్దు విధించుటచే, ఆ తగ్గింపు 18,000 అయినది. 2024 అక్టోబరు నాటికి 10,000 అయినది. 2025 ఏప్రిల్ నుండి 5,000కు తగ్గినది. 2025 ఆగస్టులో ఈ పథకమును 2028 మార్చి 31 వరకు పొడిగించినను, ద్విచక్ర, త్రిచక్ర వాహనముల రాయితీకి మాత్రము 2026 మార్చి 31వ తేదీనే గడువుగా ప్రకటించిరి.

దీనిని బట్టి మనము గ్రహింపవలసినదేమి? రాయితీ శాశ్వతమైనది కాదు. కొత్త వాహనము జనమునకు అలవాటగువరకు ఇచ్చు చేయూత మాత్రమే. పొరుగువానికి నిరుడు వచ్చిన మొత్తము మనకు ఈ ఏడు రాకపోవచ్చును. కావున కొనబోవు దినమున ఏ నిబంధన అమలులోనున్నదో విచారించియే అప్పునకు పోవలెను.

రెండవ విషయము. ఈ కేంద్ర రాయితీ కొనువాని బ్యాంకు ఖాతాలో పడునది కాదు. డీలరు బిల్లులోనే ఆ మొత్తమును తగ్గింపవలెను. తయారుచేసిన సంస్థ తరువాత ప్రభుత్వమునుండి రాబట్టుకొనును. ఇ-డ్రైవ్ పథకములో ఆధార్ ధ్రువీకరణ జరిపి, కొనుగోలుదారునకు ఇ-వోచరు ఇచ్చు పద్ధతి పెట్టిరి. "ఇప్పుడు పూర్తి ధర చెల్లింపుడు, రాయితీ మీ ఖాతాలో పడును" అని ఎవరైన చెప్పినచో, అది ఈ పథకపు పద్ధతి కాదని మీరు తెలియజెప్పవలెను. ఫేమ్ రెండవ దశలో కొన్ని సంస్థలు చార్జరుకు వేరుగా సొమ్ము వసూలు చేసిన సంగతి బయటపడి, 2023లో ఆ సొమ్మును కొనుగోలుదారులకు తిరిగి చెల్లింపవలసి వచ్చినది. బిల్లు, రసీదు భద్రపరచుకొనుట యొక్క విలువ ఇట్టి సమయముననే తెలియును.

ఇవిగాక ఇతర సదుపాయములును కలవు. విద్యుత్ వాహనములపై జి.యస్.టి. 2019 ఆగస్టు 1న 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. 2021 ఆగస్టులో కేంద్రము వీటికి రిజిస్ట్రేషను పత్రపు రుసుమును మినహాయించినది. ఆటోలు మున్నగు రవాణా వాహనములు విద్యుత్తుతో నడచునవైనచో పర్మిటు అవసరము లేదని 2018 అక్టోబరులో ఉత్తర్వు వెలువడినది. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా మినహాయించుచు ఉత్తర్వు ఇచ్చినది. ఆంధ్రప్రదేశ్ సభ్యులు తమ రాష్ట్రపు నిబంధనలను రవాణా కార్యాలయమున విచారించి గ్రామస్థులకు తెలుపగలరు.

అయితే, సోదరులారా, రాయితీ కలదని బండి కొనుట తెలివి కాదు. లేదని మానుటయు తెలివి కాదు. అసలు లెక్క తిరుగుడును బట్టి యుండును. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగు పాల వర్తకుని తలచుకొనుడు. పెట్రోలు బండికి ఒక లీటరు కావలెను. ధర 100 రూపాయలని అనుకొందము. విద్యుత్ స్కూటరుకు రెండు యూనిట్లు చాలును. యూనిటు 8 రూపాయలైనచో 16 రూపాయలు. దినమునకు 84 రూపాయల చొప్పున, ఏడాదిలో 300 దినములకు 25,200 రూపాయలు మిగులును. అతనికి రాయితీ లేకున్నను లాభమే. దినమునకు 5 కిలోమీటర్లు మాత్రమే తిరుగువానికి ఇదే లెక్కన మిగులునది 3,150 రూపాయలు. అతడు అప్పుపై చెల్లించు వడ్డీ అంతకు మించవచ్చును. బ్యాటరీ ఏనాటికైన మార్పవలసినదే కనుక, దాని ధరయెంత, ఎన్ని సంవత్సరముల హామీ కలదు అనునవి ముందుగా అడిగి వ్రాయించుకొనవలెను.

మోసపోవుట కవకాశమున్న చోటు మరొకటి కలదు. 250 వాట్లకు తక్కువ శక్తి, గంటకు 25 కిలోమీటర్లకు తక్కువ వేగము గల తేలికపాటి బండ్లకు రిజిస్ట్రేషను అక్కరలేదు. వాటికి ఈ రాయితీయు లేదు. అట్టి బండినే చూపి రాయితీ పేరు చెప్పువారిని నమ్మరాదు. రిజిస్టరైన విద్యుత్ వాహనమునకు ఆకుపచ్చని నంబరు పలక యుండును. సొంత బండికి దానిపై తెల్లని అక్షరములు, కిరాయి బండికి పసుపుపచ్చని అక్షరములు ఉండును.

2022 వేసవిలో కొన్ని స్కూటర్లు కాలిపోయిన పిదప, బ్యాటరీల భద్రతా ప్రమాణములను 2022 డిసెంబరు నుండియు, 2023 మార్చి 31 నుండియు రెండు విడతలుగా కఠినతరము చేసిరి. పాత సరకు చౌకగా వచ్చినదని కొనువారికి ఈ సంగతి చెప్పుడు. ఎర్తు తీగ లేని ప్లగ్గులో చార్జింగు పెట్టరాదు. మనుష్యులు నిదురించు గదిలో పెట్టరాదు.

పంచాయతీయే చెత్త సేకరణకు బండిని అద్దె ఒప్పందముపై తీసికొనదలచినచో, ఒక మాట గుర్తుంచుకొనుడు. అద్దె బండికి యజమాని అద్దెకిచ్చిన సంస్థయే. పన్ను తగ్గింపుగాని, మరి యే రాయితీగాని ఉన్నచో ముందుగా దానికే చేరును. ఆ తగ్గింపు అద్దెలో కనబడుచున్నదా, బ్యాటరీ చెడినచో బాధ్యత ఎవరిది అను రెండు ప్రశ్నలకు జవాబు ఒప్పందములో వ్రాయించిన పిదపనే తీర్మానము చేయవలెను.

రాయితీగా వచ్చునది ప్రజల సొమ్మే. అది అర్హునకు చేరునట్లు చూచుట, అప్పు చేసిన బీదవాడు లెక్క తెలియక మునిగిపోకుండ కాచుట మనందరి బాధ్యత. నేడు మనవి చేసిన షరతులను ఒక కాగితముపై వ్రాయించి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపుడు. తేదీ వేయుట మరువకుడు. నిబంధన మారినపుడు కాగితమును మార్పుడు. మీ ఊరి యువకుడు ఇకమీదట బండి కొనుటకు పోవునపుడు, ఎడ్ల సంతకు పోయినట్లే మీలో ఒకరు వెంట పోవుదురుగాక అని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.