పోలికల బరువు – మన మనుమల చదువు



డి.ఎ., మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడుకునే వేదికపై సెల్‌ఫోను సంగతెందుకని కొందరికి అనిపించవచ్చు. మన మనుమలు, మనుమరాళ్ళు ఇప్పుడు యూనివర్సిటీ హాస్టళ్ళలో ఉన్నారు. వారి మనశ్శాంతి మన ఇంటి సంగతే కదా!

మనిషి తన స్థాయిని ఇతరులతో పోల్చుకుని అంచనా వేసుకుంటాడని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లోనే సిద్ధాంతీకరించారు. కాబట్టి పోలిక కొత్తది కాదు. మన రోజుల్లో క్లాసులోని నలభైమందితోనో, వీధిలోని నాలుగిళ్ళతోనో పోల్చుకునేవాళ్ళం. వారి సుఖంతోపాటు కష్టమూ కంటికి కనిపించేది. నేడు విద్యార్థి చేతిలోని తెరపై వందలమంది. అన్నీ విహారయాత్రలు, ఉద్యోగం వచ్చిన వార్తలే. తప్పిన పరీక్ష ఫోటో ఎవరూ పెట్టరు. ఇతరుల పండుగరోజుతో తన మామూలు రోజును పోల్చుకుని పిల్లవాడు కుంగిపోతాడు.

ఇది ఊహ కాదు. ఫేస్‌బుక్ 2004లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలై, అంచెలంచెలుగా ఇతర కాలేజీలకు విస్తరించింది. ఆ క్రమాన్నే ఆధారంగా తీసుకుని ముగ్గురు ఆర్థికవేత్తలు 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. ఫేస్‌బుక్ వచ్చిన కాలేజీలలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం దెబ్బతిన్నదనీ, తోటివారితో పోల్చుకోవడమే అందుకు ముఖ్య కారణంగా కనబడుతున్నదనీ తేల్చారు.

ఊరటనిచ్చే సంగతి కూడా ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులపై జరిపిన ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను మూడు వారాలపాటు ఒక్కొక్కటి రోజుకు 10 నిమిషాలకే పరిమితం చేసుకున్నవారిలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. పూర్తిగా మానెయ్యనక్కరలేదు, తగ్గించినా మేలే.

ఇక మన వంతు. "ఫలానావారి అబ్బాయికి ప్యాకేజీ ఎంతో తెలుసా?" అని మనం అంటే, ఆ తెరకు మనమూ తోడైనట్లే. మార్కులు అడిగే ముందు "భోజనం చేశావా? నిద్ర పడుతోందా?" అని అడుగుదాం. మన సర్వీసులో తప్పిన డిపార్టుమెంటు పరీక్షలు, ఆగిన ప్రమోషన్లు, దూరపు బదిలీలు కూడా చెబుదాం. ఫోను చూపించనిది అదే.

పిల్లలు తిండీ నిద్రా మానినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా వేషాలని కొట్టిపారేయక డాక్టరుకు చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

ఆఫీసులో సీనియారిటీ లిస్టు ఉండేది. జీవితానికి అటువంటి లిస్టు లేదని మనుమలకు అనుభవంతో చెప్పగలిగినవాళ్ళం మనమే. ఆ పని చేద్దామని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.