పాత విమానానికి కొత్త హంగులు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పాత విమానానికి మార్పులు చేయించాలంటే ఏది ముందు, ఏది వెనక అన్నది ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం. నవ్వొచ్చిందా? నవ్వండి, ఫరవాలేదు. పాత కుట్టుమిషనుకి మోటారు బిగించుకోవటం గురించి చెప్పినా బాగుండేది, విమానం మన కెందుకమ్మా అనుకుంటారు. "అమ్మా, విమానం కొన్నాం" అని మా అబ్బాయి ఫోనులో చెప్పినప్పుడు నేనూ నవ్వాను. "ఏం విమానంరా, బొమ్మ విమానమా?" అన్నాను. కొండపల్లి మాకు దగ్గరే కదా, బొమ్మలే గుర్తొచ్చాయి మరి!

మాది మైలవరం. 2022 నుంచీ ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ నా నోటికి ఇంకా కృష్ణాజిల్లా అనే వస్తుంది. మా అబ్బాయి పై చదువుకి అమెరికా వెళ్ళి, కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా అనే వూళ్ళో వుద్యోగంలో కుదురుకున్నాడు. చిన్న విమానాల తయారీకి ఆ వూరు పెట్టింది పేరు. అక్కడే విమానం నడపటం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, మరో ముగ్గురు స్నేహితులతో కలిసి వాటాల మీద ఒక విమానం కొన్నాడు. సెస్నా 172 అంటారు. నాలుగు సీట్లు. తయారైంది 1974లో!

యాభై ఏళ్ళ విమానమా అని గుండెలు బాదుకోకండి. ఆ రకం విమానాలు 1956 నుంచి ఇప్పటిదాకా నలభై నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. 1986లో తయారీ ఆపేసి, మళ్ళీ దాదాపు పదేళ్ళకి మొదలుపెట్టారు. అందువల్ల అక్కడ ఆకాశంలో తిరిగే చిన్న విమానాల్లో పాతవి చాలానే వుంటాయి. మన దేశంలో సొంత విమానం అన్న మాట అరుదు గానీ, ఫ్లయింగ్ క్లబ్బులు మాత్రం ఎప్పటినుంచో వున్నాయి. బెంగుళూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేసిన పుష్పక్ అనే రెండు సీట్ల విమానం 1958లో మొదటిసారి ఎగిరింది. మనవాళ్ళు ఎందరో దాని మీదే ఎగరటం నేర్చుకున్నారు. సరిగ్గా చూసుకుంటే విమానానికి ముసలితనం త్వరగా రాదు. ఆ చూసుకోవటం దగ్గరే వుంది అసలు సంగతంతా.

నేను వెళ్ళిన నెలలోనే ఒక సాయంత్రం నలుగురు భాగస్వాములూ మా అబ్బాయి ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ కూర్చుని జాబితా రాసుకుంటున్నారు. తలా కాస్త డబ్బు వేసుకుని విమానానికి మెరుగులు దిద్దిస్తారట. ఒకతను సినిమా తెరల్లాంటి రెండు పెద్ద తెరలు పెట్టిద్దామన్నాడు. మరొకతను నూట యాభై గుర్రాల శక్తి ఇంజను తీసేసి నూట ఎనభైది వేయిద్దామన్నాడు. ఇంకొకతనికి తోలు సీట్లు, కొత్త రంగు కావాలి. మా వాడికేమో విమానం తనంతట తానే దారి పట్టి పోయే ఆటోపైలట్ మీద మనసు. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్నాను.

వింటూంటే నాకు మైలవరంలో మా అత్తగారి పెంకుటిల్లు గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ క్రితం మా వారూ, మా మరిదీ కలిసి హాల్లో పాలరాతి బండలు పరిపించారు. "ముందు దూలం చూపించండిరా" అని మా అత్తగారు చెబుతూనే వున్నారు. ఎవరు వింటారు? ఆ శ్రావణంలో రెండు రోజులు ముసురు పట్టింది. చెద తిన్న దూలం ఒక మూల కుంగి, పెంకులు జారి ఆ కొత్త బండల మీదే పడ్డాయి. పిల్లలు ఆ రాత్రి వరండాలో పడుకోబట్టి సరిపోయింది. లేకపోతే ఈ రోజు మీతో ఈ కబుర్లు చెప్పటానికి నాకు నోరు వచ్చేది కాదు. ఆ పిల్లల్లో ఒకడే ఇప్పుడు ఈ విమానం కొన్నవాడు.

చేతిలో చిక్కుడుకాయలతోనే బల్ల దగ్గరికి వెళ్ళి, "నాన్నా, ఆ విమానానికి దూలం ఏదిరా?" అని అడిగాను. మా వాడికి అర్థమైంది. కలం కింద పెట్టేశాడు. మర్నాడు నలుగురూ జాబితా పట్టుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. ఆయన చెప్పింది నాకు తెలిసిన భాషలో మీకు చెబుతాను.

మొదటిది పట్టీలు. ఆ విమానంలో ముందు కూర్చునే ఇద్దరికీ భుజం మీదుగా వచ్చే పట్టీ వుంది. వెనక సీట్లో నడుం పట్టీ ఒక్కటే. వెనక సీటంటే ఎవరిదనుకున్నారు? కోడలిదీ, నాదీ! అమెరికా చట్టం ప్రకారం 1978 జూలై తర్వాత తయారైన చిన్న విమానాలకు ముందు సీట్లలో భుజం పట్టీ వుండి తీరాలి. అన్ని సీట్లకీ వుండాలన్న నియమం 1986 డిసెంబరు తర్వాత తయారైన వాటికే. కాబట్టి మా వాళ్ళది చట్టం ప్రకారం తప్పు కాదు. కానీ చట్టానికి తప్పు కానిదల్లా మనకి క్షేమం కాదు కదండీ. అక్కడి రవాణా భద్రతా బోర్డు వారు చిన్న విమానాల ప్రమాదాలను పరిశీలించి 1985లో ఒక నివేదిక ఇచ్చారు. బతికి బయటపడే వీలున్న ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళను లెక్కవేస్తే, నూటికి ఇరవైమంది భుజం పట్టీ వుంటే బతికేవారట. పాత విమానాలకు ఆ పట్టీలు అమర్చుకోవటానికి ఆమోదం పొందిన సామాను బజార్లో దొరుకుతుంది. ఒక్క తెర ఖరీదుతో పోలిస్తే దాని ఖర్చు ఏపాటి?

రెండోది సీటు పట్టాలు. సీటును ముందుకీ వెనక్కీ జరుపుకోవటానికి కింద రెండు పట్టాలు, వాటికి వరసగా బెజ్జాలు వుంటాయి. ఒక చిన్న పిన్ను బెజ్జంలో దిగి సీటును పట్టి వుంచుతుంది. ఏళ్ళ వాడకానికి బెజ్జాలు అరుగుతాయి, పిన్నూ అరుగుతుంది. విమానం ముక్కెత్తి పైకి లేచే క్షణంలో ఆ పట్టు జారిందనుకోండి, పైలటు సీటుతో సహా వెనక్కి పోతాడు. పడిపోతున్న మనిషి చేతికందింది పట్టుకుంటాడు కదా! అతని చేతిలో వున్నది విమానాన్ని నడిపే పిడి. దాన్ని లాగితే ముక్కు మరీ పైకి లేచి, విమానం గాలిలో పట్టు తప్పుతుంది. అందుకే ఈ పట్టాలను క్రమం తప్పకుండా కొలిచి చూడాలని 1987లో అక్కడి విమానయాన శాఖ ఆదేశం జారీ చేసింది. పిన్ను జారినా సీటును ఆపే రెండో అడ్డు కూడా బిగించుకోవచ్చు. గోరంత బెజ్జం కొండంత విమానాన్ని పడగొట్టగలదని నాకు ఆ రోజే తెలిసింది.

మూడోది కనపడని విషవాయువు. ఇది మీకు బాగా తెలిసిన సంగతే. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టుకుని స్పృహ తప్పినవాళ్ళ గురించి పేపర్లో చదువుతూనే వుంటాం. చిన్న విమానంలోనూ అదే ప్రమాదం. చలికాలంలో లోపల వెచ్చగా వుండటానికి, ఇంజను పొగ పోయే గొట్టం చుట్టూ గాలిని తిప్పి ఆ వేడిగాలిని లోపలికి వదులుతారు. ఆ గొట్టానికి సన్నని పగులు వచ్చిందా, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. 2019 జనవరిలో ఎమిలియానో సాలా అనే ఫుట్‌బాల్ ఆటగాడు ఎక్కిన చిన్న విమానం ఇంగ్లీషు చానెల్ సముద్రంలో కూలిపోయింది. పైలటుకి ఈ వాయువు సోకి వుంటుందని దర్యాప్తులో తేలింది. దీన్ని పసిగట్టి కేకపెట్టే యంత్రం అరచేతిలో పట్టేంత వుంటుంది. ఖరీదూ తక్కువే. అయినా మా వాళ్ళ జాబితాలో అది లేనే లేదు!

నాలుగోది నడిమి తరగతిది. పైలటుకి మబ్బుల్లో పైదేదో కిందదేదో తెలియదట. కళ్ళు మూసి గిరగిరా తిప్పి వదిలిన పిల్లాడిలా వుంటుందట. అప్పుడు నేల ఎటుందో చూపించే పరికరమే దిక్కు. పాత విమానాల్లో అది గాలిని లాగే ఒక పంపు మీద ఆధారపడి తిరుగుతుంది. ఆ పంపు చెప్పాపెట్టకుండా ఆగిపోగలదు. దాని బదులు సొంత బ్యాటరీ వున్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. 2016 నుంచీ వాటిని పాత విమానాల్లో పెట్టుకోవటానికి అనుమతులు సులభమయ్యాయి. పెద్ద తెర కొనలేకపోయినా, అది చేసే ముఖ్యమైన పని ఈ చిన్నదీ చేస్తుంది. ఇక తమ వునికిని చుట్టుపక్కల వాళ్ళకి చెబుతూ వుండే ఏడీఎస్-బి అనే పరికరం 2020 జనవరి 1 నుంచి అక్కడి పెద్ద విమానాశ్రయాల పరిసరాల్లో తప్పనిసరి. అది పాత యజమాని పెట్టించే వున్నాడు.

ఇప్పుడు బరువు సంగతి. విమానానికి తగిలించే ప్రతి హంగూ బరువే. మా కోడలు కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆ విమానం పైకి లేవటానికి అనుమతించిన మొత్తం బరువు 1,043 కిలోలు. ఖాళీ విమానం 644. మిగిలింది 399. వాడుకునే పెట్రోలు నిండా పోస్తే 103. ఇక మనుషులకీ సామానుకీ 296 కిలోలు. మా వాడు 85, వాడి స్నేహితుడు 82, కోడలు 60, నేను 65. కూడండి, 292. మిగిలింది నాలుగు కిలోలు! నా ఆవకాయ జాడీ కూడా పట్టదు. ఇందులో తోలు సీట్లు ఎక్కడ పెడతారు? పెట్రోలు తగ్గించుకోవాలి, లేదా ఒకరు దిగిపోవాలి. ఆ దిగేది ఎవరో నాకు తెలుసు. బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమేనట. బిందె చంకలో పెట్టుకుని నడిచినవాళ్ళకి ఆ సంగతి వేరే చెప్పాలా?

తర్వాత కాగితాలు. స్కూటరుకి హారను మార్చినంత సులువుగా విమానంలో ఏదీ మార్చటానికి లేదు. పెద్ద మార్పు ఏది చెయ్యాలన్నా, ఆ రకం విమానానికి ఆ మార్పు పనికొస్తుందని సర్కారు ఇచ్చిన ఆమోదం వుండాలి. అర్హత వున్న మెకానిక్కు చెయ్యాలి, లాగ్ పుస్తకంలో రాయాలి. మన దగ్గరైతే ఢిల్లీలోని డీజీసీఏ వారి అనుమతి కావాలి. పొలానికి పాసు పుస్తకం ఎలాగో విమానానికి ఆ పుస్తకాలు అలాగ. ఆమోదం లేని సామాను ఎంత చవగ్గా వచ్చినా నెత్తికెత్తుకోకూడదు.

మరి పెద్ద ఇంజనూ, పెద్ద తెరలూ వృథా అంటానా? అనను. ఎత్తయిన కొండల మధ్య విమానాశ్రయాల్లో దిగేవాళ్ళకి పెద్ద ఇంజను అవసరమే. కాన్సాస్ మన దివిసీమలా చదునైన నేల. పైగా వున్న ఇంజనుకి తయారీదారు చెప్పిన 2,000 గంటల్లో సగమే అయింది. తరచు మబ్బుల్లో దూరప్రయాణాలు చేసేవాళ్ళకి తెరలూ ఆటోపైలటూ ఎంతో ఆసరా. మా వాళ్ళు ఎగిరేది సెలవురోజుల్లో, పట్టపగలు, ఎండ కాసినప్పుడు. వాడుకను బట్టి వస్తువు గానీ వస్తువును బట్టి వాడుక కాదు కదా!

చివరికి పట్టీలు, పట్టాలు, విషవాయువు యంత్రం, చిన్న ఎలక్ట్రానిక్ పరికరం పెట్టించుకున్నారు. తెరలూ ఇంజనూ వాయిదా పడ్డాయి. అందరూ సంతోషించారని చెబితే అబద్ధమవుతుంది. తెరలు కావాలన్న అబ్బాయి మనసు కష్టపెట్టుకుని, ఆ చలికాలంలో తన వాటా అమ్ముకుని వెళ్ళిపోయాడు. దూరప్రయాణాల మీద అతనికి నిజంగానే ఆశ వుండేది. కొన్నాళ్ళపాటు ఖర్చంతా ముగ్గురి మీదే పడింది. నా మాట వల్లే కదా అని నాకూ బాధ కలిగింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోను.

ఎందుకంటే, ఇలాంటి లెక్కలు వేసేటప్పుడు మనల్ని ఎవరూ పిలవరు. యంత్రాల గొడవ ఆడవాళ్ళకేం తెలుసనుకుంటారు, మనమూ అలాగే అనుకుని వంటింట్లోనే వుండిపోతాం. యంత్రం తెలియకపోవచ్చు. ఆ వెనక సీట్లో కూర్చునేది మనమే, ఇంటి దగ్గర ఎదురుచూసేదీ మనమే. పాత ఇంటిని నిలబెట్టుకొచ్చిన చేతులకి ఏది ముందు ఏది వెనక అన్నది తెలుసు. కారైనా, స్కూటరైనా, పాత ఫ్లాటుకి కొత్త సీలింగైనా, డబ్బు బయటికి తీసేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది విరిగితే ప్రాణానికి ముప్పున్నదేది? దాన్ని చూపించారా? ఈ కొత్తది మన వాడుకకి సరిపోతుందా? దీనికి బరువూ, కాగితాలూ సరిపోయాయా? జవాబులు వచ్చాక రంగులూ హంగులూ ఎన్నయినా వేయించుకోవచ్చు.

నేను తిరిగి వచ్చే ముందు ఆదివారం నన్ను మళ్ళీ విమానం ఎక్కించారు. ఈసారి స్నేహితుడు రాలేదు కాబట్టి ఆవకాయ జాడీకి చోటు దొరికింది. ఇంజను మొదలుపెట్టే ముందు మా అబ్బాయి వెనక్కి తిరిగి, "అమ్మా, భుజం పట్టీ వేసుకున్నావా?" అని అడిగాడు. వేసుకున్నానురా అన్నాను. అయినా చెయ్యి చాచి ఒకసారి లాగి చూసుకుని, అప్పుడు ముందుకి తిరిగాడు.