ఉదయభూమి ప్రజలు



ఉత్తర అమెరికా ఖండపు తూర్పుదిక్కున, నేటి వెర్మాంట్, న్యూహాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రములయందును, కెనడాలోని దక్షిణ క్యుబెక్కునందును అబెనకీలను నొక జాతివారు కలరు. ఆ పేరునకు ఉదయభూమి ప్రజలని యర్థము. వారి పెద్దల మాట యొకటి నేడు మీకు వినిపింపదలచితిని.

పూర్వము వారి జీవనము ఋతువులను బట్టి నడచెడిది. మంచు కరుగు దినములలో మేపుల్ అను చెట్టునకు గాటుపెట్టి, కారిన రసమును, మనము చెరకురసమును కాచినట్లు కాచుచుండిరి. సుమారు 40 కడవల రసమునకు ఒక కడవ పాకము దక్కును. వసంతమున నదులలో చేపలు పట్టుచుండిరి. పిమ్మట మొక్కజొన్నను, చిక్కుడును, గుమ్మడిని ఒకేచోట నాటుచుండిరి. మొక్కజొన్న కాడ చిక్కుడుతీగకు ఊతము. గుమ్మడియాకు నేలకు నీడ. శీతకాలమున మంచులో దిగబడకుండ తోలువార్లతో అల్లిన వెడల్పు పాదరక్షలు తొడిగి, మూస్ అను పెద్ద దుప్పిని వేటాడుచుండిరి. మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న భూర్జపత్రమును మీరెరుగుదురు. ఆ జాతి చెట్టుపట్టయే వారి యింటికి కప్పు. వారి పడవకును అదియే పైతొడుగు.

చలిరాత్రులలో పెద్దలు పిల్లలకు కథలు చెప్పుచుండిరి. గ్లుస్కబె యను వీరుడు అడవిమృగముల నన్నిటిని మాయమాటలతో ఒక సంచిలోనికి రప్పించి, ఇక వేటశ్రమ లేదని అవ్వకు చూపెనట. ఆమె సంతసింపలేదు. ఇవి సంచిలోనే చచ్చినచో రేపటి బిడ్డలేమి తిందురని మందలించెను. అతడు సిగ్గుపడి సంచి విప్పి వానిని విడిచిపెట్టెను.

ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని యుద్ధము జరుగుచుండగా, 1759 అక్టోబరు 4వ తేదీన రాబర్ట్ రోజర్స్ దండు క్యుబెక్కులోని ఒడనక్ అను అబెనకీల గ్రామమును తగులబెట్టెను. మిగిలినవారు మరల ఇండ్లు కట్టుకొనిరి. ఆ యూరు నేటికిని కలదు. తరువాతి శతాబ్దమున వారు చెక్కపేళ్లతో బుట్టలల్లి, విహారమునకు వచ్చువారికి అమ్మి జీవించిరి.

ఇల్లు మరల కట్టవచ్చును. భాషను మరల కట్టుట కష్టము. ఇది యెరిగియే కాబోలు, వారి పెద్ద జోసెఫ్ లారెంట్ 1884లో అబెనకీ, ఇంగ్లీషు సంభాషణల పుస్తకమును అచ్చువేయించెను. నేడా భాషను ధారాళముగ మాటలాడువారు మిక్కిలి కొలదిమంది. దానిని పట్టుదలతో నేర్చుకొనుచున్నవారును కలరు.

అవ్వ చెప్పిన మాట మృగములకే కాదు, మాటలకును చెల్లునని నాకు తోచుచున్నది. పెద్దల యొద్దనే యుండిపోయిన కథ సంచిలోని మృగము వంటిది. నేటి రాత్రి మనుమలు మీ చెంత కూర్చున్నయెడల, మీ సంచి నొకమారు విప్పుడు.