జన్యుపరీక్షయు పర్ణామ్లమును
(వార్షిక సభయందు చేసిన ఉపన్యాసము)



నేను వైద్యుడను గాను. ముప్పదియేండ్లకు పైగా బాలురకు శబ్దములును ధాతువులును వల్లెవేయించి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. అట్టివాడు శరీరశాస్త్రమును గూర్చి మాటాడుట సాహసమే. అయినను కార్యవర్గము ముందున్న ఒక ప్రతిపాదన నన్నీ సాహసమునకు పురికొల్పినది. విద్యార్థి సహాయనిధినుండి కొంత ధనము తీసి, మన యువతీయువకులకు జన్యుపరీక్షలు చేయించి, ఎవరి జన్యువులకు తగిన పోషకమాత్రలను వారికి ఇప్పింపవలెనని దాని సారాంశము. సదుద్దేశముతో వచ్చినదే. కాని నేను దానిని వ్యతిరేకించుచున్నాను. కారణములు చిత్తగింపుడు.

నిరుడు మా బంధువుల పిల్లవాడొకడు, గల్ఫునుండి తిరిగివచ్చినవాడు, వివాహమునకు ముందు తన లాలాజలమును గొట్టములో పెట్టి పంపి పరీక్ష చేయించుకొనెను. పదునెనిమిది పుటల నివేదిక వచ్చెను. అందు ఎఱ్ఱని అక్షరములతో 'ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. దోషము' అని యుండెను. దానివెంట మూడు సీసాల మాత్రలు. నెలకు నాలుగువేల రూపాయల వ్యయము. పిల్లవాడు నిద్రాహారములు మానెను. సంగతి వధువువారికి తెలిసినచో సంబంధము చెడునేమో యని తల్లి కన్నీరు పెట్టుకొనెను. ఆ కాగితములను నాయొద్దకు తెచ్చిరి. నేను రెండునెలలు తెలిసినవారి నడిగియు చదివియు గ్రహించినది మీకు మన మగ్గపు భాషలో చెప్పెదను.

మన దేహమున ప్రతి కణమునందును మిథైల్ అను చిన్న గుంపును, అనగా ఒక కర్బన పరమాణువును మూడు ఉదజని పరమాణువులను, ఒక పదార్థమునుండి మఱియొకదానికి అందించు పని ఎడతెగక జరుగుచుండును. దీనిని మిథైలీకరణ మందురు. ఏ జన్యువు పలుకవలెనో ఏది మౌనము వహింపవలెనో నిర్ణయించుటలో దీనికి పాత్ర కలదు. రక్తములో హోమోసిస్టీను పేరుకొనకుండ దానిని మెథియొనీనుగా మార్చునదియు ఇదియే. ఈ పనికి నూలు ఆకుకూరలలోని ఫోలేటు. ఆ నూలును కండెలకు చుట్టి సిద్ధపఱచునది ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అను ఎంజైము. దానిని అందుకొని నేత ముగించుటకు బి12 విటమిను కావలెను.

ఆ ఎంజైమును నిర్మించు జన్యువులో 677వ స్థానమున 'సి' అను అక్షరమునకు మారు 'టి' యుండుటను 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తల్లిదండ్రు లిరువురినుండియు 'టి' వచ్చినవారిలో ఎంజైము బలము ప్రయోగశాలలో కొలిచినపుడు సుమారు 30 శాతము. ఒకరినుండియే వచ్చినవారిలో సుమారు 65 శాతము. వినుటకు భయంకరమే. కాని సాంచ మెల్లగా నడచుట వేఱు, ఆగిపోవుట వేఱు. సమానముగా ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో, రెండు 'టి'లు గలవారి రక్తములోని ఫోలేటు అసలు లేనివారికంటె సుమారు 16 శాతమే తక్కువ. అమెరికా వ్యాధినియంత్రణ సంస్థవారు ఈ మార్పుగలవారి దేహము సాధారణ ఫోలిక్ ఆమ్లమును చక్కగా వాడుకొనగలదని చెప్పుచున్నారు. ఆ దేశపు వైద్యజన్యుశాస్త్రజ్ఞులు 2013లోనే ఈ పరీక్షను మామూలుగా చేయింపవలదని తమ వైద్యులకు సూచించిరి. పైగా ఈ 'టి' మన దేశస్థులలో ఐరోపావారిలోకంటె అరుదు. మా పిల్లవానికి ఉన్నది ఒక్కటియే. ఎఱ్ఱసిరాకు ఏ ఖర్చును లేదు గదా!

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. రెండు 'టి'లు గలవారికి బి2 విటమిను, అనగా రైబోఫ్లేవిను, కొంచెముగా ఇచ్చినచో రక్తపుపోటు తగ్గుచున్నదని ఐర్లండు పండితులు చూపిరి. కావున జన్యువునుబట్టి పోషణ యనుమాట కేవలము కల్ల గాదు. అది యింకను మొలక దశలో నున్నది. మొలకను చూపి ధాన్యపు వెల అడుగువారితోనే నా తగవు.

ఇక ఫోలిక్ ఆమ్లము కథ. ఇది మనకు పరాయిది గాదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలుమిల్లుల కార్మిక స్త్రీలకు గర్భకాలమున కలుగు తీవ్రమైన రక్తహీనతను పరిశోధించెను. మన తాతలు మగ్గములు విడిచి పొట్ట చేతబట్టుకొని పోయినది ఆ మిల్లులకే. ఈస్టునుండి తీసిన మార్మైట్ అను చవుకపదార్థముతో ఆ స్త్రీలు కోలుకొనుటను ఆమె 1931లో ప్రకటించెను. 1941లో అమెరికాలో పాలకూర ఆకులనుండి ఆ గుణకారిని వేఱుచేసి, లాటిను భాషలో ఆకునకు గల 'ఫోలియమ్' అను పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమనిరి. మన భాషలో పర్ణామ్లమందము. ఆకులనుగూడ మానుటచే పార్వతి అపర్ణ యయ్యెను; ఆమెది తపస్సు. బీడీలు చుట్టుచు పచ్చడిమెతుకులతో ప్రొద్దుపుచ్చు మన కోడండ్రది తపస్సు గాదు, తీరికలేమి. తోటకూర, పాలకూర, పుంటికూర, పెసలు, శనగలు, వీని యన్నిటను ఈ పర్ణామ్లమున్నది. ఎక్కువసేపు ఉడికించి నీరు పాఱబోసినచో చాలభాగము ఆ నీటితోనే పోవును.

1945లో దీనిని కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనాధ్యక్షుడు మన తెలుగువాడే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ యను గ్రహణివ్యాధిచే సోదరులను పోగొట్టుకొన్నవాడు. ఆ వ్యాధిని కుదుర్చు మందులలో ఫోలిక్ ఆమ్ల మొకటి. 1948లో న్యూయార్కున కాలధర్మము నొందెను. ఆయన పేరెఱిగినవారు ఈ సభలో ఎందఱో చేతులెత్తు డందునా? వలదు, మొగమాటము.

ఇప్పుడు చెప్పరానిది చెప్పెదను. 1986లో మా యింట తొలిచూలు శిశువు జనించెను. వెన్నెముక మూసికొనక నడుమువద్ద తెఱచియుండెను. తొమ్మిదిదినములు బ్రదికెను. గ్రహణమునాడు నా భార్య కత్తిపీటతో కూర తరిగినదని మా పెద్దలనిరి. మేనరికపు ఫలమని ఇంకొకరనిరి. ఆమె ఎవరికిని బదులుచెప్పలేదు. ఏండ్లతరబడి గ్రహణమునాడు గది తలుపు తీయలేదు. 1991లో ఏడుదేశములలో జరిగిన పరిశోధన ఫలితము వెలువడెను: ఇట్టి శిశువును కన్న స్త్రీలు మరల గర్భము ధరించుటకు ముందునుండి దినమునకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో, నూటికి డెబ్బదిరెండు పాళ్లు ఆ యాపద తప్పుచున్నది. నేను ఆ సంగతి చదివినది మఱి పదునైదేండ్లకు. చదివి నా భార్యకు వినిపించితిని. "అయితే కత్తిపీట కాదన్నమాట" అని మాత్రమే అనెను.

శిశువు వెన్నుపాము గొట్టము గర్భము నిలిచిన 28 దినములలోపల మూసికొనును. అప్పటికి పెక్కుమంది తల్లులకు గర్భమని తెలియనే తెలియదు. రెండవనెలలోనో మూడవనెలలోనో ఆశాకార్యకర్తను పిలిచి మాత్రలడుగు మన ఆచారము ఈ పనికి ఆలస్యము. 2018నాటి రక్తహీనతానివారణ కార్యక్రమమున భారత ప్రభుత్వమువారు గర్భధారణకు ముందునుండి మూడవనెల ముగియువఱకు దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొమ్మని చెప్పియున్నారు. దీనికి జన్యుపరీక్ష అక్కఱలేదు; 'సి' యైనను 'టి' యైనను ఇదే మాత్ర. కాని కొట్లలో సులభముగా దొరకు 5 మిల్లీగ్రాముల మాత్ర దీనికి పండ్రెండురెట్లకు పైబడినది; అది పూర్వము అట్టి శిశువును కన్నవారికో, వైద్యుడు వలయునన్నవారికో. మఱి పాలును మాంసమును ముట్టనివారు బి12 కూడ చూపించుకొనవలెను. ఆ లోపమున్నవారు వట్టి ఫోలిక్ ఆమ్లమే మ్రింగినచో రక్తము బాగుపడినట్లు కనబడుచు నరములు లోలోన చెడును.

జన్యుపరీక్ష యెక్కడను పనికిరాదని నా మాట గాదు. 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన కె. తంగరాజ్‌గారును అమెరికాలోని డేవిడ్ రైక్‌గారును తమ సహచరులతో దక్షిణాసియాలోని 263 సమూహములను పరిశీలించి, కొద్దిమంది మూలపురుషులనుండి పెరిగి లోలోపలనే పెండ్లిండ్లు చేసికొన్న సమూహము లెన్నియో కలవని చూపిరి. వైశ్యులలో కొందఱికి శస్త్రచికిత్సవేళ ఇచ్చు ఒక కండరశైథిల్యపు మందు పడకపోవుట అట్టి కారణముచేతనే. ఆ సంగతి వైద్యునికి ముందే తెలిసినచో ప్రాణము దక్కును. అది ఏ కులమునకును కించ గాదు. అది ఉపయోగపడు జ్ఞానము. మన కులమునగూడ అట్టి దేదైన కలదేమో చూడుడని శాస్త్రజ్ఞులను పిలిచి రక్తమిత్తము. సొమ్ము వ్యాపారికి కాదు.

ఇక నా సవరణ ప్రతిపాదన. విద్యార్థినిధి జోలికి పోవలదు. మన కల్యాణమండపమున పెండ్లి తేదీ వ్రాయించుకొనునప్పుడే, వధువు పేర 400 మైక్రోగ్రాముల మాత్రలు మూడునెలలకు సరిపోవునన్ని పసుపుకుంకుమలతో కలిపి అత్తగారి చేతికి ఇయ్యవలెను. అత్తగారి చేతికే యని యేల అంటిననగా, కోడలు ఆ మాత్రలు వేసికొన్నదో లేదో చూచునది ఆమెయే గనుక. మొదటి యేటి ఖర్చునకు నా పింఛనునుండి ఒక నెలసొమ్ము కోశాధికారికి ఈ పూటనే అప్పగించుచున్నాను. రసీదు నా భార్య పేర వ్రాయుడు.