సంతకముతో ప్రశ్న, ఓటుతో సమాధానము

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



1996వ సంవత్సరమున నల్లగొండ లోక్‌సభ స్థానమునకు 480 మంది అభ్యర్థులు పోటీచేసిన సంగతి మీలో పెద్దలకు జ్ఞాపకముండును. వారిలో అత్యధికులు పార్లమెంటులో కూర్చుండవలెనని నామినేషన్లు వేసినవారు కారు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిపోయిన గ్రామములకు కృష్ణానీరు కావలెనను మొరను దేశమునకు వినిపింపనెంచి, జల సాధన సమితి పిలుపుపై, ధరావతు కట్టి నిలిచిరి. బ్యాలెట్ పత్రము పుస్తకమంత అయినది. పోలింగు వాయిదా పడినది. అదే సంవత్సరము చట్టమును సవరించి 500 రూపాయల ధరావతును 10,000 చేసిరి. 2019లో నిజామాబాదు పసుపు రైతులు అదే త్రోవ పట్టునాటికి అది 25,000 రూపాయలు. అయినను అక్కడ అభ్యర్థుల సంఖ్య 185కు చేరినది.

వీరిని మేము తప్పుపట్టుట లేదు. వారు అడుగదలచినది ఒక ప్రశ్న. చట్టము చూపిన మార్గము వ్యక్తిని ఎన్నుకొనుట మాత్రమే. సంతకములు కూర్చి ఒక విషయమును నేరుగా ఓటర్ల ముందుంచు హక్కు మనకు లేదు.

పొరుగున నున్న మహారాష్ట్రలో ఒక విషయమునకు ఇట్టి హక్కు కలదు. 2008 నాటి ఉత్తర్వు ప్రకారము గ్రామములోని స్త్రీ ఓటర్లలో 25 శాతము మంది సంతకములతో కోరినచో, మద్యము దుకాణము ఉండవలెనా, పోవలెనా యని రహస్య ఓటింగు జరుపుదురు. బ్యాలెట్‌పై నిలువు సీసా ఒకటి, అడ్డముగా పడిన సీసా ఒకటి. సగమునకు మించి స్త్రీలు పడిన సీసాకు ఓటువేసినచో దుకాణము మూయవలసినదే. అక్షరము రాని అవ్వకు సైతము అర్థమగు బ్యాలెట్ అది!

ఫిన్లాండులో 2012 నుండి ఆరు నెలలలో 50,000 సంతకములు సమకూడిన ప్రతిపాదన పార్లమెంటు ముందుకు పోవును. అచ్చట ఆన్‌లైన్ సంతకము చెల్లును. బ్యాంకు గుర్తింపుతో మనిషిని నిర్ధారింతురు.

ఇది మనకేల యందురా? కోదాడ సూర్యాపేట జిల్లాలోనిది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనిది. సాగర్ ఎడమ కాలువ రెంటికిని ఒక్కటే. నీరు చాలని యేట ఒకరు ఒక కలెక్టరేటుకు, మరియొకరు వేరొక కలెక్టరేటుకు కూలి మానుకొని ప్రజావాణిలో అర్జీ ఇచ్చుటకు పోవలెను. ఆన్‌లైన్ సంతకమునకు జిల్లా ఎల్లలు అడ్డురావు.

మరియొక సంగతి కలదు. రచ్చబండ మీద పెద్దమనిషి కాగితము చాపినప్పుడు "నేను చేయను" అనుట ఎంత కష్టమో మీరెరుగుదురు. ఇంట ఒంటరిగా చేయు సంతకమునకు ఆ మొగమోటము లేదు. అయితే ఫోను భర్తచేతనో కొడుకుచేతనో ఉన్న ఇండ్లు పెక్కు. కనుక ప్రతి సంతకమును ఓటర్ల జాబితాతో సరిచూడవలెను. పేర్లు బయట పెట్టరాదు. ఫోనుకు వచ్చిన అంకెలను పక్కవారికి చెప్పరాదని ఇంటింట చెప్పవలెను. ఫోను లేనివారు పంచాయతీ కార్యాలయమున కాగితముపై చేసిన సంతకము సమానముగా చెల్లవలెను.

ఇట్టి చట్టమును కోరుచు మీ గ్రామసభలలో తీర్మానము చేసి శాసనసభ్యులకు పంపుడని మా మనవి. తీర్మానమున ఒక్క కోరికయే ఉండవలెను. రోడ్డు, పింఛను, దీపము అన్నియు అందులో చేర్చినచో అసలు సంగతి మరుగున పడును. సంతకములకు ముందు దానిని సభలో బిగ్గరగా రెండుమారులు చదివి వినిపింపుడు.