ఆఫీసును ఇంటికి మోసుకెళ్లిన వారం

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కమిటీ వాళ్లు ఉద్యోగ విజయాల మీద మాట్లాడమన్నారు. బ్యాంకులో ముప్పై అయిదేళ్లు చేసి రిటైరయ్యాను. విజయాలంటే ప్రమోషన్లే కదా, అవి రెండు నిమిషాల్లో అయిపోతాయి. అందుకని ఒక చెడ్డ వారం గురించి చెబుతాను. ఇక్కడున్న చిన్నవాళ్లలో కొందరు ఇప్పుడు అలాంటి వారంలోనే ఉండవచ్చు.

2018 మార్చి, ఉగాదికి ముందు వారం. నేనొక బ్రాంచికి మేనేజర్ని. బ్యాంకు పేరు అక్కర్లేదు. పైన కొత్తగా ఒక అధికారి వచ్చారు. రోజూ రాత్రి ఏడున్నరకు ఫోన్ మీటింగ్. ముప్పై మంది మేనేజర్లు వింటుండగా ఒక్కొక్కరినీ లెక్క అడుగుతారు. సోమవారం నా వంతు. ఇన్సూరెన్స్ పాలసీల టార్గెట్ సగం కూడా కాలేదు. "ఆ కుర్చీలో కూర్చోడానికి సిగ్గు లేదా?" అన్నారు. మంగళవారం వాట్సాప్ గ్రూపులో వెనకబడ్డ వాళ్ల పేర్లు ఎర్ర రంగులో పెట్టారు. పైనుంచి రెండో పేరు నాది. రాత్రి పదకొండుకు మెసేజి వచ్చినా వెంటనే జవాబు ఇవ్వాలి.

మా నాన్న ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లు మా వాడకు గడియారం లాంటిది. నాన్న తలంతా దూది పట్టి, అలసిపోయి వచ్చేవాడు. కానీ షిఫ్టు సైరన్ మోగితే పని అక్కడే ఆగేది. ఆయన సూపర్‌వైజర్ మా ఇంటి మంచం దాకా ఏనాడూ రాలేదు. నా సూపర్‌వైజర్ దిండు కిందే ఉన్నాడు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలంది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత 70 గంటలు పనిచేయాలన్నారు, పెద్ద చర్చే నడిచింది. నా మటుకు నన్ను గంటలు కుంగదీయలేదు. మార్చిలో పని ఉంటుందని ప్రతి బ్యాంకు ఉద్యోగికీ తెలుసు. మాటలు కుంగదీశాయి.

బుధవారం సంగతి చెప్పడానికే అసలు మైకు పట్టుకున్నాను. చేరి నాలుగు నెలలైనా కాని క్లర్కు అమ్మాయి ఒక ఓచరులో అంకె తప్పు రాసింది. దిద్దితే పోయే తప్పు. కస్టమర్ల ముందే అరిచాను. ఏమన్నానో తెలుసా? "ఆ కుర్చీలో కూర్చోడానికి సిగ్గు లేదా?" అవే మాటలు, అక్షరం మారలేదు. ఆ పిల్ల రికార్డు గదిలోకి వెళ్లి ఏడ్చింది. మా అటెండరు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "సారూ, పైనోళ్లు మిమ్మల్ని తిట్టిండ్రని ఆ పిల్లనెందుకు తిడ్తరు?" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లారి భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తూ మన క్లాస్‌మేటు ఒకడికి ఫోన్ చేశాను. ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం వాడిది. పేరు చెబితే తంతాడు, ఇక్కడే ఉన్నాడు. మిర్చి సీజనులో కూడా అరగంట విన్నాడు. "నేను పొద్దంత మిర్చి ఘాటుల తుమ్ముకుంట కూసుంట. గని బస్త ఇంటికి మోసుకపోతనారా?" అన్నాడు. తర్వాత వాడే, "జమ, ఖర్చు వేరువేరు రాస్తవు గద. పని గురించి అన్నది ఒక దిక్కు రాయి, నిన్ను అన్నది ఒక దిక్కు రాయి" అన్నాడు.

రాశాను. పని వైపు మూడు లైన్లు వచ్చాయి. నన్ను అన్నవి, తేదీ, సమయంతో సహా, పేజీన్నర. ఆ మూడింట్లో రెండు పనులు శుక్రవారం పూర్తయ్యాయి. టార్గెట్ మాత్రం చివరిదాకా అందలేదు, అది కూడా చెప్పాలి. ఆ పేజీన్నర తర్వాత పనికొచ్చింది. మేం నలుగురం యూనియన్ ద్వారా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చినప్పుడు జతచేశాం. మీటింగులు వారానికి ఒకటయ్యాయి. ఆ అధికారి మామూలు బదిలీల్లోనే వెళ్లారు.

అందరికీ ఫోనెత్తే అడ్తి దోస్తు ఉండడు. 2023 ఫిబ్రవరిలో మన ఊళ్లోనే పీజీ చదువుతున్న ఒక యువ డాక్టరమ్మ చనిపోయింది. వేధింపుల ఆరోపణ మీద కేసు నమోదైంది. దాని మంచిచెడ్డలు చెప్పాల్సింది కోర్టు. నాకు మాత్రం ఆ వార్త చదివినప్పుడు మా రికార్డు గది గుర్తొచ్చింది. 14416 రాసుకోండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

మన లెక్కల సారు ఎవరినైనా తిట్టాల్సి వస్తే వరండాలోకి పిలిచేవారు. తరగతి ముందు ఒక్క మాట అనేవారు కాదు. సారూ, మీ దగ్గర అయిదేళ్లు చదివి అది నేర్చుకోలేదు నేను. శనివారం పొద్దున్న కౌంటర్ల ముందు, స్టాఫంతా ఉండగా, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. అరిచింది అందరి ముందు కాబట్టి చెప్పడమూ అక్కడే కావాలనిపించింది. ఆమె "పర్లేదు సార్" అంది కానీ, మొహం చూస్తే పర్లేదు అన్నట్టు లేదు. నెల రోజులు పట్టింది మామూలుగా మాట్లాడటానికి.

నా నంబరు సంఘం డైరెక్టరీలో ఉంది. ఆఫీసులో ఇబ్బంది పడుతున్న మన బడి పిల్లలు ఎవరైనా చేయవచ్చు. తొమ్మిది దాటాక ఫోన్ వంటింటి అల్మారాలో ఉంటుంది. అది ఆ ఉగాది నుంచి వచ్చిన అలవాటు. అప్పుడు మీ వదిన ఎత్తుతుంది, కంగారు పడకుండా విషయం చెప్పండి.